తోక తలుపు

“కదలకుండా పట్టుకో. పెళ్లై నెల కాలేదు, అప్పుడే చేతులు వణికితే ఎలా?” అన్నారు మా ఆయన.

“జిగురంటుకుని మీ వేలూ నా వేలూ విడిపోవడం లేదు. నాకేం తొందర లేదు లెండి,” అన్నాను నవ్వాపుకోలేక.

భోజనాల బల్ల మీద మూరెడు ప్లాస్టిక్ బాంబర్ ఉంది, ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ యుద్ధవిమానం. కిట్‌లో వచ్చింది మార్పులన్నీ చేశాక తయారైన చివరి రకం విమానం. అసలు విమానం ఫ్యాక్టరీ డ్రాయింగులు చూస్తూ దాన్ని మొట్టమొదట తయారైన రకంగా మారుస్తున్నాం. తోకలో కూర్చుని తుపాకీ పేల్చేవాడి తలుపు మొదట్లో చాలా ఇరుకు. అందుకే కిట్‌లోని వెడల్పాటి తలుపును లప్పంతో పూడ్చి ఇరుకు చేశాం.

వెనక నుంచి మామయ్య చెయ్యి వచ్చి విమానాన్ని లాక్కుంది. బల్ల మీది కోత కత్తి ఆయన చేతిలోంచి తోకలో కసుక్కున దిగింది. ప్లాస్టిక్ ముక్కలు నా ఒళ్లో పడ్డాయి.

“నాన్నా! డ్రాయింగులో తలుపు అంతే ఉంది!”

“తర్వాత ఎందుకు పెంచారో కూడా ఉందట్రా అందులో?” మామయ్య పొడుస్తూనే ఉన్నారు. “ఈ రకం విమానమే, రన్‌వే మీద కూలి తగలబడుతోంది. నేనప్పుడు ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్కుని. తోకలో కూర్చున్నవాడు లోపల్నించి తలుపుని తంతున్నాడు, నేను బయట్నించి గొడ్డలితో నరుకుతున్నా. తల బయటికొచ్చింది. భుజాలు పట్టలేదు. నా చొక్కా పట్టుకుని అరుస్తూనే కాలిపోయాడు.”

కత్తి జారి మామయ్య బొటనవేలు తెగింది. డ్రాయింగు మీద నెత్తురు చిందింది. అయినా ఆగలేదు.

మా ఆయన కత్తి లాక్కోబోయారు. ఆ చేతిని పక్కకు తోసి, నేను తోకను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

“ఇంకొంచెం కోయండి మామయ్యా. భుజాలు పట్టాలిగా.”