కొయ్యమేకు

తవ్వాల్సిన చోట కూతురు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. శ్మశానంలో గోతులు తవ్వే తాత పార పక్కన పెట్టి, ఆ అమ్మాయి లేస్తే తప్ప మట్టి ముట్టనన్నాడు.

ఎదురుగా వీధి వీధంతా ఉంది. అందరికంటే ముందు నాన్న. ఆయన చేతిలో మూరెడు కొయ్యమేకు, మెడలో వెల్లుల్లి దండ. ముప్పై ఏళ్ల వడ్రంగంలో ఒక్క కుర్చీ కూడా చెప్పిన రోజుకి ఇచ్చిన పాపాన పోలేదు గానీ, ఈ మేకు మాత్రం ఒక్క పూటలో చెక్కేశాడు.

సంగతేమిటంటే, నెల రోజులుగా వీధిలో ముగ్గురు పిల్లలు పాలిపోతున్నారు. అమ్మను పూడ్చిందీ నెల కిందటే. ఇంకేం, రక్తపిశాచి అయిందన్నారు. గోతిలో ఉండటం లేదని, ఊరంతా తిరుగుతోందని, తన మంచం పక్కనే నిలబడుతోందని నాన్న ఒట్టేసి చెప్పాడు. శవపెట్టె తెరిచి గుండెల్లో మేకు దించితే పీడ విరగడవుతుందట. ఈ వైద్యం ఆయన సినిమా చూసి నేర్చుకున్నాడు.

పిల్లల కడుపులో పురుగులున్నాయని, రక్తం తాగుతున్నది అవేనని చెప్పి డాక్టరమ్మ నిన్ననే మాత్రలిచ్చింది. కూతురు ఆ మాటే మళ్లీ చెప్పింది. ఎవరి చెవికీ ఎక్కలేదు.

"లేస్తావా, లాగి పారెయ్యమంటావా?" అన్నాడు నాన్న.

ఆమె రెండు చేతులూ మట్టికి ఆనించి ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

"బతికుండగా కొట్టింది చాల్లేదా నాన్నా? అమ్మకి ఇన్నాళ్లకి కాస్త ప్రశాంతత దొరికింది. దాన్ని నిన్ను చెడగొట్టనివ్వను. మేకు దించాలంటే ముందు నాకు దించు."

ఆయన మేకు ఎత్తాడు. ఆడవాళ్లలో గుసగుసలు ఆగిపోయాయి. ఆ ఇంట్లో దెబ్బల చప్పుడు గోడ ఇవతల నుంచి ఇరవై ఏళ్లు విన్నవాళ్లే వాళ్లంతా.

కూతురు వాళ్ల వైపు తిరిగింది.

"అమ్మది అంటురోగం. ముఖం కూడా చూడొద్దని డాక్టరమ్మ పెట్టె బిగించేసి పంపింది. మూత తీస్తే ముందు అంటుకునేది మీ పిల్లలకే. ఆపైన మీ ఇష్టం."

జబ్బుపడ్డ పిల్లల్లో ఒకడి తల్లి ముందుకొచ్చి, నాన్న చేతిలోంచి మేకు లాక్కుని దూరంగా విసిరేసింది. ఇంటికెళ్లి మాత్రలు వేద్దాం పదండి అంది. ఒక్కొక్కరే కదిలారు. చివరికి మెడలో దండతో ఆయనొక్కడే మిగిలాడు. కాసేపు నోటికొచ్చినట్టు తిట్టి, ఆయనా వెళ్లిపోయాడు.

మళ్లీ వస్తారేమోనని కూతురు పొద్దు వాలేదాకా అక్కణ్నించి కదల్లేదు. ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని లేచింది.

గదికి వెళ్లి తలుపు గడియ పెట్టుకుని, మూడు రైళ్లు మారితే గానీ చేరలేని ఊళ్లో బట్టలు కుట్టుకుంటున్న అమ్మకు ఉత్తరం రాసింది: "పెట్టె తెరవనివ్వలేదు, ఇసుక బస్తాలు భద్రంగా ఉన్నాయి, నువ్వు హాయిగా ఉండు."