గేటు అవతలి డప్పు

“ఇంకా ఎనకకు పో తాతా! మీటరు ముల్లు ఎర్రగీత దాటుతుంది!” అని దేవకుమార్ కిటికీలోంచి అరిచాడు.

రాజమల్లు డప్పు చంకన పెట్టుకుని లేచాడు. పొద్దున గదిలో మొదలుపెట్టినవాడు వరండాలోకి, అక్కడినుంచి వాకిట్లోకి జరిగాడు. ఇప్పుడు గేటు కూడా దాటి రోడ్డు పక్కన నిలబడ్డాడు.

“గీడ మంచిగుందా సారూ?”

ఎర్నెస్ట్ అతనివైపు చూడలేదు. గిటారు తీగ బిగిస్తూ, “గాడనే ఉండుమను,” అన్నాడు దేవకుమార్‌తో.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి వెళ్లే దారిలో, చాపెల్ రోడ్డు వెనక ఎర్నెస్ట్ కిరాయికున్న రెండు గదులవి. మైకు ఒక్కటే. టేపు రికార్డర్లు మాత్రం రెండు, రెండూ స్నేహితుడు దేవకుమార్‌వే. ముందు ఒకదాంట్లో డప్పు, గిటారు పట్టాలి. తర్వాత దాన్ని మోగిస్తూ ఎర్నెస్ట్ పాడితే, అన్నీ కలిసి రెండోదాంట్లోకి ఎక్కుతాయి.

పాట ఎర్నెస్ట్ సొంతం. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన అమెరికా నల్లవాళ్ల బ్లూస్ రికార్డులు అరిగేదాకా విని, ఆ దుఃఖాన్ని తెలుగులో కట్టుకున్నాడు. సాయంత్రం భార్య ఆగ్నెస్ తండ్రి, ఆబిడ్స్‌లో హోటల్ నడిపే తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వస్తున్నాడు. పాట నచ్చితే శనివారాలు ఆ హోటల్లో ఎర్నెస్ట్ పాడవచ్చు. మెదక్ మిషన్ హాస్టల్లో పెరిగిన అనాథకు పిల్లనివ్వాల్సి వచ్చిందని మామగారు ఇప్పటికీ నలుగురిలో అంటూనే ఉంటాడు. ఇవాళ్టితో ఆ నోరు మూయించాలని అల్లుడి పంతం.

“డ్రమ్ సెట్టు అడిగి తెస్త అంటిని గదరా,” అన్నాడు దేవకుమార్ టేపు వెనక్కి తిప్పుతూ. “ఈ డప్పెందుకు?”

“ఈ పాటకు ఆ డ్రమ్ములు రావు. నాకు గీ దెబ్బనే కావాలె.”

“ఏడ వట్టినవ్ ఈయనను?”

“నాంపల్లి స్టేషన్ కాడ. ఎవరిదో పెండ్లిల కొడుతుండె.”

డప్పు చల్లారి చప్పుడు మెత్తబడింది. ఆగ్నెస్ పాత పేపర్లు తెచ్చి ఇస్తే, రాజమల్లు గేటు పక్కన మంటపెట్టి తోలును కాచాడు. వేలితో మీటి చూసి తల ఊపాడు. మళ్లీ మొదలుపెట్టారు. సగంలో రైలు కూత వేసి అంతా పాడుచేసింది. దేవకుమార్ రైలును, స్టేషన్‌ను, స్టేషన్ కట్టించినవాళ్లను తిట్టి మళ్లీ మీట నొక్కాడు.

ఈసారి కుదిరింది.

“నువ్వు ఆగినకాడల్లా ఆయన ఆగుతుండు,” దేవకుమార్ ఆశ్చర్యపోయాడు. “ప్రాక్టీసు లేకుంట ఎట్లరా?”

“ముసలోళ్లకు అలవాటుంటది. టేపు మార్చు.”

ఆగ్నెస్ కంచాలు పెట్టింది. “తాతను లోపలికి పిలువుండి, తింటడు.”

“గేటు కాడ పెట్టు.”

“ఏంది? ఎండల నిలబడి కొట్టిండు పాపం. ఆదివారం చర్చిల అందరం ఒక్క చాప మీదనే కూసుంటం గదా?”

“మీ నాయన వచ్చే యాళ్లయింది. డప్పు కొట్టెటోడు ఇంట్ల కూసుంటే ఏమంటడు? నాకంటే నీకే బాగ తెలుసు.”

ఆగ్నెస్‌కు తెలుసు. కానీ తండ్రి పొగరు చూసి చూసి విసిగిపోయి ఈ మనిషిని చేసుకుంది. ఆ పొగరే ఇతనికీ అంటుకుందని ఆమెకు మొదటిసారి అనిపించింది.

ఎర్నెస్ట్ పాడాడు. దేవకుమార్ మొదటి రికార్డర్ చప్పుడు పెంచాడు, తగ్గించాడు, మళ్లీ పెంచాడు.

“తగ్గియ్,” అన్నాడు ఎర్నెస్ట్.

“తగ్గిస్తే పాట సచ్చిపోతదిరా. పాట నడకంత అదే గదా.”

“డప్పు వినబడాలె. కాని డప్పని ఎవ్వరికీ తెలువొద్దు.”

“గదేం సంగీతమో!” దేవకుమార్ నవ్వి, మంచం మీది బొంత లాగి రికార్డర్ మీద కప్పాడు. ఫెళఫెళమనే చప్పుడు మెత్తబడి, గుండె కొట్టుకున్నట్టు లోపల్లోపల మోగింది. ఏ దేశపు వాద్యమో చెప్పలేకుండా ఉంది.

ఎర్నెస్ట్ ముఖం విప్పారింది. “గిట్ల! ఇగ ఇట్లనే ఉండాలె. ఆయన్ను పొమ్మని చెప్పు, వాళ్లొస్తరు.”

దేవకుమార్ కదలకముందే ఆగ్నెస్ అన్నం గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. రాజమల్లు చేతులు కడుక్కుని, గోడనీడన కూర్చుని ముద్ద కలిపాడు.

“పాట మంచిగొచ్చిందా బిడ్డా?”

“మంచిగొచ్చింది తాతా. ఆయన మాటలు మనసుల పెట్టుకోకు. ఇయ్యాల జర ఆగమాగమున్నడు.”

“నాకేం ఫికర్ లేదు. పాట వాడుతుంటే మస్తు అనిపించింది. గొంతు మంచిగుంది సారుది.”

ఇంట్లోంచి కలిసిన పాట వినిపించింది. రాజమల్లు ముద్ద నోటిదాకా తెచ్చి అలాగే ఆపాడు. తన దెబ్బ కోసం వెతుక్కుంటున్నట్టు తల ఒకవైపుకు వంచాడు. కాసేపటికి దొరికినట్టుంది, తినడం మొదలుపెట్టాడు.

“ఇంకొంచెం పెట్టనా?”

“సాలు తల్లీ. నీ చేతి అన్నం తిన్న, సాలు.”

ఆ మాటకు ఆగ్నెస్‌కు నవ్వొచ్చింది, వెంటనే జాలేసింది. “ఊర్ల నిన్ను ఎవరు చూస్తరు?”

“ముసల్ది ఉన్నన్ని దినాలు చూసింది. ఇప్పుడు నేనొక్కన్నే.”

“పిల్లల్లేరా తాతా?”

రాజమల్లు కిటికీ వైపు చూశాడు. లోపల ఎర్నెస్ట్ తిరిగే టేపు మీదికి వంగి, తన గొంతు తానే వింటున్నాడు.

“లేరని చెప్పుమన్నడు నా కొడుకు.”