కండ్లకోయ బస్టాపులో లెక్క

ఈ శనివారం కూడా రక్షితకు లెక్క రాలేదు.

బస్టాపు అరుగు మీద కూర్చుని, పుల్లతో మట్టిలో గీత గీసింది. ఈ కొసన A, ఆ కొసన B, సరిగ్గా నడుమ M. AM పొడవు 3x − 4. MB పొడవు x + 8. AB ఎంత?

పక్కన నిలబడ్డ తల్లి రోజారాణికి భయమేసింది. తనను తొమ్మిదో తరగతిలో బడి మాన్పించింది ఈ లెక్కలే. ఫెయిలైందని తెలిసిన రోజే నాయిన పుస్తకాలు అటకెక్కించాడు. ఇప్పుడు బిడ్డదీ తొమ్మిదే. వచ్చే నెలలో పరీక్షలు.

పెద్దమనుషులు తీర్పు చెప్పి ఏడాది దాటింది. రక్షిత సూరారంలో తల్లి దగ్గర ఉండాలి. శనివారం సాయంత్రం అత్వెల్లిలో తండ్రి దగ్గరికి పోవాలి. అప్పగింత ఎవరికీ దూరం కాకుండా నడిమధ్యన, కండ్లకోయలో. ఆ రాత్రి రోజారాణి టీవీ గట్టిగా పెట్టుకుని ఒక్కతే తింటుంది.

మహేందర్ వచ్చాడు. బండి ఆపాడు కానీ ఇంజన్ ఆపలేదు.

"నాయినా, గిది వస్తలేదు" అంది రక్షిత.

"మీ అమ్మకు చెప్పు, నీకు ఫోను జర తక్కువియ్యమని."

"మీ నాయినకు చెప్పు, ఇంటర్ చదివినోళ్ళు మాటలు బంద్ జేసి లెక్క చెప్పాలని."

మహేందర్ ఇంజన్ ఆపి దిగాడు. గీత పక్కన గొంతుక్కూర్చున్నాడు. M నడుమ ఉంది కాబట్టి రెండు ముక్కలూ సమానమన్నాడు. 3x − 4 = x + 8 అని రాశాడు. రోజారాణి కూడా వంగింది. 2x పన్నెండు, x ఆరు అని గొణిగింది. AM పద్నాలుగు వచ్చింది.

"అయితే AB పద్నాలుగు" అంది రక్షిత.

"గది సగమేనే. ఇంకో సగం ఏడ పాయె?" అంది రోజారాణి.

మహేందర్ తలెత్తి నేరుగా రోజారాణిని చూశాడు. తీర్పు తర్వాత ఆమెతోనే మాట్లాడడం అదే మొదలు.

"నీకెట్ల ఎరుక?"

"పక్కింటి సోమయ్య సారును అడిగి నేర్చుకుంటున్న. పిల్ల ఫెయిలైతే నువ్వు గూడ మా నాయిన లెక్కనే జేస్తవని..."

"నేనెందుకు మాన్పిస్త? గంత దుర్మార్గుని లెక్క కనబడుతున్ననా నీకు?"

సూరారం బస్సు వచ్చింది, పోయింది. రోజారాణి ఎక్కలేదు.

రక్షిత చెప్పుతో గీతను చెరిపేసింది. మొదటినుంచి చెప్పండి, ఈసారి ఇద్దరూ చెప్పండి అంది. వాళ్ళు చెప్పారు. రక్షితకు మళ్ళీ తప్పింది.

చీకటి పడ్డాక ఎప్పుడో వచ్చిన బస్సులో, పక్కసీటు మీద చెయ్యి వేసుకుని, ఈ పిల్ల ఎట్ల గట్టెక్కుతుందో అనుకుంటూ రోజారాణి ఇల్లు చేరింది.

సోమవారం బడిలో టీచరు, మధ్య బిందువు లెక్కలు రానివాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టి, వాళ్ళకు నేర్పమని ఎప్పటిలాగే చాక్‌పీసు రక్షిత చేతికిచ్చింది.