వంపు దగ్గర మనిషి

"ఈ దారి ఇవాళ బంద్. వెనక్కి పొండి."

నారింజ రంగు కోటు వేసుకున్న పెద్దాయన చేతులు బార్లా చాపి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

బ్లాండీన్‌కు ఒళ్లు మండింది.

మండదూ మరి! వెజేర్ నది మీదున్న ఆ కొండదారిని వెతికి పట్టుకున్నది తనే. చెస్ట్‌నట్ చెట్లలోంచి ఎక్కి ఒక వంపు తిరిగితే చాలు, కింద నది, పొగమంచు, పలకరాతి కప్పుల ఊరు ఒక్కసారిగా కళ్లముందు పడతాయి. పటం గీసి, ఫొటోలు తీసి, పరుగెత్తేవాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టింది. ఆ ఫొటోలు చూసి బ్రీవ్ పట్నం నుంచి కూడా జనం బూట్లు బిగించుకుని వస్తున్నారు.

తీరా వచ్చేసరికి, ఆకులు రాలడం మొదలైన దగ్గర్నుంచీ, ప్రతి ఆదివారం ఆ వంపు దగ్గర ఈ శనిగాడు.

"మళ్లీ మొదలెట్టావా పెద్దాయనా?"

"పైన పందుల వేట జరుగుతోందమ్మా. కింద తారురోడ్డు మీదుగా పరుగెత్తండి."

"వేట ఉంటే బోర్డు పెట్టాలిగా! ఏదీ బోర్డు?"

"పెట్టలేదు. అందుకే నేనున్నా."

బ్లాండీన్ చెల్లెలు ఎలోడీ కిసుక్కున నవ్వింది.

"బోర్డే నయం అక్కా. మనమీద అరవదు."

వెనక నిలబడ్డ పరుగుల క్లబ్బు వాళ్లంతా గొల్లుమన్నారు. పెద్దాయన నవ్వలేదు. ఎలోడీ వేసుకున్న బూడిదరంగు చొక్కా వంక చూశాడు.

"అదేం రంగు తల్లీ? అడవిలోకి ఎర్రదో పసుపుదో వేసుకురాకూడదూ?"

"చూశావా అక్కా, ఇప్పుడు నా బట్టల మీద పడ్డాడు!"

బ్లాండీన్‌కు ఇక కోపం ఆగలేదు.

"వారమంతా ఆఫీసులో చచ్చీచెడీ, ఆదివారం ఒక్కపూట ఊపిరి పీల్చుకుందామని వస్తాం. మీ వేటగాళ్లకు తుపాకులున్నాయని అడవంతా మీ తాత జాగీరనుకున్నారా? వచ్చేవారం ఇక్కడ కనిపించావో, పోలీసుల్ని వెంటబెట్టుకొస్తా!"

పోలీసులన్న మాట వినగానే ఆయన ముఖం పాలిపోయింది.

"పోలీసులెందుకమ్మా..." అని గొణిగాడు.

పక్కకు మాత్రం జరగలేదు. తిట్టుకుంటూ అందరూ రోడ్డు దారి పట్టారు. కానీ బ్లాండీన్‌కు లోలోపల సంతోషంగానే ఉంది. గట్టిగా ఒక్క మాట అనేసరికి వేటగాడి రోగం కుదిరింది.

మరుసటి ఆదివారం వంపు దగ్గర ఎవరూ లేరు.

"నీ నోటికి భయపడి పారిపోయాడే అక్కా!" ఎలోడీ ఎగతాళి చేసింది. "నువ్వు నెమ్మదిగా రా. నువ్వు వంపు తిరుగుతుంటే ఫొటో తీస్తా."

అంటూనే ముందుకు ఉరికింది. అదే బూడిదరంగు చొక్కా. పొదల మధ్య కాసేపు కనిపించి మాయమైంది.

ఒక్క చప్పుడు వినిపించింది.

బ్లాండీన్ వంపు తిరిగేసరికి ఎలోడీ రాలిన ఆకుల మీద బోర్లా పడి ఉంది. అక్క ఒళ్లోకి తీసుకుని పిలుస్తుంటే పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. హెలికాప్టర్ వచ్చేలోపే ప్రాణం పోయింది.

మర్నాడు బ్లాండీన్ వేటగాళ్ల గుడిసె తలుపు దబదబా బాదింది. వాళ్ల పెద్ద రేమీ తలుపు తీశాడు. రాత్రంతా ఏడ్చినట్టున్నాడు.

"కాల్చినవాణ్ణి పోలీసులు తీసుకెళ్లారు మేడం. మీ ముందు తలెత్తుకోలేను."

"బోర్డు పెట్టలేదు, సరే! ప్రతివారం నిలబెట్టే మీ మనిషినైనా పెట్టొద్దా?"

"మా మనిషా? ఎవరు?"

"నారింజ కోటాయన! ఆ వంపు దగ్గర నిలబడతాడే!"

రేమీ తెల్లబోయాడు.

"ఆయన మావాడు కాదు మేడం! మీ క్లబ్బు మనిషనుకున్నాం. ఈల వేసి వేసి పందుల్ని బెదరగొడుతున్నాడని మేము కూడా నానా తిట్లూ తిట్టాం."



ఎలోడీని పూడ్చిపెట్టిన రోజు శ్మశానం గేటు బయట ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నల్లకోటులో ఉండటంతో ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టగానే బంధువుల్ని తోసుకుంటూ పరుగున వెళ్లింది.

"ఆ ఆదివారం ఎందుకు రాలేదండీ?"

"పోలీసులన్నారు కదమ్మా. పిరికివాణ్ణి, ఇంట్లో కూర్చున్నా. తుపాకి మోత ఇంటికే వినపడింది."

"నోరు పారేసుకుని నా చెల్లెల్ని నేనే చంపుకున్నాను," అని బ్లాండీన్ బావురుమంది. ఆయన చేతులు రెండూ పట్టుకుంది. "మీరెవరని ఒక్కసారైనా అడిగాను కాదు! మీ బిడ్డ పోయింది కదూ అక్కడ? అందుకే కదూ ఎవరేమన్నా పడి అక్కడ నిలబడ్డారు?"

పెద్దాయన తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"బిడ్డ పోయిన మాట నిజమేనమ్మా. నా బిడ్డ కాదు."

ఆమె ముఖంలోకి చూడలేక నేల చూస్తూ చెప్పాడు.

"వేట జరిగేచోట మళ్లీ కనిపిస్తే జైలేనని జడ్జి అప్పుడే చెప్పాడు. ఏళ్ల కిందట ఆ వంపులోనే, పొదల వెనక పరుగెత్తుతున్నది పంది అనుకుని, ఆ పిల్లను కాల్చింది నేనే."