తెల్ల పాదాలు

అయిదో కుక్కపిల్లను వెల్లకిలా తిప్పగానే గ్రిజెల్ చేయి ఆగిపోయింది.

ఒళ్ళంతా కాటుక నలుపు. నాలుగు పాదాలు మాత్రం తెలుపు. పాలలో ముంచి తీసినట్టుంది.

తడిగుడ్డతో తుడిచింది. పోలేదు.

యారో లోయలో నల్ల లాబ్రడార్ అంటే హిస్లాప్ వాళ్ళ కుక్కే. తండ్రి పోయాక ఆ పేరును గ్రిజెల్ ఒంటిచేత్తో నిలబెట్టింది. వేటకు వచ్చే దొరలు ఆమె దగ్గర పిల్ల కోసం ఏడాది ముందే చెప్పి ఉంచుతారు. అలాంటి ఇంట్లో తెల్లకాళ్ళ పిల్ల పుట్టిందంటే, తల్లి గోడ దూకిందనే అంటారు.

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కోటైనా వేసుకోకుండా కొండెక్కి, గొర్రెల కాపరి వాటీ తలుపు బాదింది.

"నీ కుక్క మా గోడ దూకింది."

వాటీ గుమ్మంలో పడుకున్న తన నలుపు తెలుపు కుక్కను చూశాడు. అది కళ్ళు కూడా తెరవలేదు.

"ఇదా? ఇది గుమ్మం దాటాలంటేనే నేను ఎత్తుకెళ్ళాలి. నిజంగా గోడ దూకిందంటే చెప్పు గ్రిజెల్, ఊరందరికీ విస్కీ పోయిస్తాను."

"నవ్వకు. మా నెల్‌కి తెల్లకాళ్ళ పిల్ల పుట్టింది. ఈ కొండ మీద తెల్లకాళ్ళున్నది నీ కుక్కకే."

"తెల్లకాళ్ళు నాకూ ఉన్నాయి. నన్నూ అనుమానిస్తావా?"

"ఇక నీ మొహం చూడను" అని గ్రిజెల్ వెనుదిరిగింది.

వాటీ ఊరుకునే రకం కాదు. సాయంత్రానికి అంగట్లో అందరికీ చెప్పాడు. ఆ కబురు బస్సెక్కి సెల్కర్క్ పట్నం దాకా పోయింది.

హిస్లాప్ ఇంట్లో ఇలాంటి వాటికో పద్ధతి ఉంది. వంశం పేరు చెడగొట్టే పిల్లను ఎవరి కంటా పడకముందే నీళ్ళ బకెట్లో వేస్తారు. తండ్రి పెట్టిన పద్ధతి. రంగు చూసి ప్రాణం తీసి, దానికి పద్ధతి అని పేరు పెట్టుకోవడం మనుషులకే చేతనవును.

గ్రిజెల్‌కు మొదట చేతులు రాలేదు. మర్నాడు దొరలు పిల్లల్ని ఎంచుకోవడానికి వస్తారనగా, బకెట్ నింపింది.

అప్పుడే గేటు చప్పుడైంది. ఎవరో ముసలావిడ. మగవాళ్ళ కోటు, బురద బూట్లు, వణికే చేతులు.

"తెల్ల పాదాల పిల్ల పుట్టిందటగా. నాకిస్తావా అమ్మాయీ?"

"ఎగతాళికి వచ్చారా?"

"ఈ కాళ్ళతో ఇంత దూరం ఎగతాళికి ఎవరొస్తారు? ఒక్కసారి చూపించు."

గ్రిజెల్ విసురుగా పిల్లను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. ముసలావిడ దాని పాదాలను బొటనవేలితో నిమిరింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అచ్చం అవే."

"ఏవి?"

ముసలావిడ తెరిచున్న తలుపులోంచి ఇంట్లో గోడకున్న నల్ల కుక్క నిలువెత్తు బొమ్మ వైపు చూసింది.

"అది బ్రాకెన్ కదూ."

"మా నాన్న కుక్క. మా కుక్కలన్నిటికీ మూలం అదే. ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక లేదు."

"నువ్వు చూశావా?"

"నేను పుట్టకముందే పోయింది. బొమ్మలో కనబడటం లేదూ?"

"బొమ్మలో మోకాళ్ళ దాకా హెదర్ పొదలే కనబడుతున్నాయి. ఆ రోజు బ్రాకెన్ నిలబడింది పొదల్లో కాదు. ఇదిగో, ఈ వాకిట్లో, వట్టి రాళ్ళ మీద."

గ్రిజెల్‌కు ఒళ్ళు మండిపోయింది. పిల్లను లాక్కుంది.

"చనిపోయిన మనిషి మీద నింద వేయడానికి వచ్చారన్నమాట. ఆ వాటీయేనా పంపింది?"

"నన్ను రెండు మాటలు చెప్పనీ."

"గేటు అటుంది."

"పోనీ, చెప్పను. ఎవరికీ చెప్పను. పిల్లనివ్వు, చాలు."

"మీకిస్తే ఊరూరా తిప్పి, ఇది హిస్లాప్ వాళ్ళ కుక్క అని చూపిస్తారు. ఇవ్వను."

ముసలావిడ బకెట్ వైపు చూసింది. తర్వాత గ్రిజెల్ మొహంలోకి చూసింది.

"అదే గొంతు. మీ నాన్నా ఇలాగే అరిచాడు" అని, మెల్లగా రోడ్డు వైపు నడిచిపోయింది.

గ్రిజెల్ పిల్లను పట్టుకుని బకెట్ దగ్గరికి నడిచింది. ఆ కోపంలోనే పని ముగించింది. సాయంత్రానికి బకెట్ గోడవారన బోర్లించి ఉంది. నెల్ మాత్రం మిగిలిన పిల్లల్ని మాటిమాటికీ వాసన చూస్తోంది.

దీపాలు పెట్టే వేళకు వాటీ వచ్చి గేటు బయటే నిలబడ్డాడు.

"నా మొహం చూడనన్నావుగా. అటు తిరిగే విను. మిస్ టెల్ఫర్ వట్టి చేతులతో బస్సెక్కింది. ఆ పిల్లను ఎందుకివ్వలేదు?"

"ఎవరా మిస్ టెల్ఫర్?"

"తెలీకుండానే గెంటేశావా? నా చిన్నప్పుడు ఓ వేసవంతా మా ఇంట్లోనే ఉంది. బ్రాకెన్ బొమ్మ గీయడానికి మీ నాన్నే పిలిపించాడు. బొమ్మ పూర్తయిన రోజు ఆయన అరిచిన అరుపులు మా కొండ మీదికి వినబడ్డాయి. ఎందుకో ఆమె మా అమ్మక్కూడా చెప్పలేదు. మర్నాడు మళ్ళీ రంగులు పట్టుకుని మీ ఇంటికొచ్చింది. ఆ తర్వాత జన్మలో ఇంకో కుక్క బొమ్మ గీయలేదట."

గ్రిజెల్ అతన్ని గేటు దగ్గరే వదిలేసింది. ఇంట్లోకి వెళ్ళి బొమ్మ ముందు నిలబడింది. ఆదివారం ఆదివారం తన చేత్తోనే దుమ్ము తుడిచే బొమ్మ అది.

వంగి, బ్రాకెన్ కాళ్ళ దగ్గరి హెదర్ పూలను బొటనవేలి గోటితో గీకింది.

ఊదారంగు పెచ్చులుగా రాలింది. దాని కింద, తమ వాకిటి రాళ్ళ మీద, ఆ ముసలావిడ మొదట ఉన్నదున్నట్టుగా గీసిన తెల్ల పాదం బయటపడింది.