పాచిక వెయ్యని ఆట

అర్జెంటీనాలోని రోసారియోలో మా పై అంతస్తులో ఒంటరిగా ఉండే నెలిదా గారికి నేను తయారుచేసిన దయ్యం ఆట ఇచ్చి, లోపాలుంటే చెప్పమన్నాను. కంప్యూటర్ తెర మీద కథ చదువుతూ పాచిక వెయ్యాలి. ఆరు పడితే దయ్యం ఇల్లు వదిలిపోతుంది.

వారం తర్వాత ఇక్కడ అందరూ తాగే మాతే ఆకు టీ చేతికిస్తూ, "బాగుంది ఫౌస్తో. భయం మాత్రం వెయ్యలేదు," అన్నారావిడ.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ ఆడిన ఆట తెరిచి చూశాను. ఒక్కసారి కూడా పాచిక వెయ్యలేదు!

"ఇదేం ఆడటమండీ? వెయ్యకపోతే ఆ దయ్యం గుమ్మంలోనే నిలబడి, 'ఇంతసేపూ ఎక్కడికి పోయావు? నీ కోసమే చూస్తున్నా' అంటూనే ఉంటుంది కదా!"

"అవును నాయనా. నేను పని నుంచి రాగానే రోజూ అంటుంది," అన్నారావిడ. "ఆ మాట మాత్రం తీసెయ్యకు."