కాకి ముద్ద

"ఎవరో దీనికి తీపి పెడుతున్నారు" అంది పశువుల డాక్టరు సుమిత, మిషన్‌లో అంకె చూసి. "ఇన్సులిన్ మొదలుపెట్టి పదిహేను రోజులైంది. షుగరు ఇంకా నాలుగు వందల దగ్గరే ఉంది. ఇట్లాగే ఉంటే కళ్ళు పోతాయి."

ధనమ్మ పక్కనున్న మొగుడి వైపు చూసింది.

"నేను కాదు మే" అన్నాడు కన్నప్ప మేస్త్రి.

సెంట్రింగ్ పలకలు మోసే వ్యానులో వేలూరు నుంచి గుడియాత్తం చేరేలోపల ఆ మాట ఇంకో ఏడుసార్లు అన్నాడు.

"సైటులో టీ తాగేటప్పుడు బన్ను పెడతావు గదా?"

"ముందు పెట్టేటోణ్ణి. జబ్బని తెలిసినాక దాన్ని సైటుకే తీసకపోలేదు గదా."

"మరి యాడి నుంచి వచ్చింది షుగరు? గాల్లో నుంచా?"

వాళ్ళ కుక్క బోండా ఇద్దరి మధ్యా కూర్చుని, ఇదేదో పక్కింటి తగవు అన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది. పేరుకు తగ్గట్టు గుండ్రంగా ఉండేది, ఈమధ్యే చిక్కింది. రెండు పూటలా కోడిమాంసం ఉడికించి, కొలిచి పెట్టి, సూది వేసేది ధనమ్మే. మొదటిరోజు సూది పట్టుకుని తనే ఏడ్చింది. గేటు దగ్గర తన కోసం ఎదురుచూసే ఆ కళ్ళు పోతాయంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంటోంది.

మర్నాడు దొంగను పట్టుకుందామని కన్నప్ప మధ్యాహ్నం కాస్త ముందే ఇంటికొచ్చాడు. ధనమ్మ అప్పుడే మిద్దె మీద అరిటాకులో నెయ్యి, బెల్లం కలిపిన అన్నం ముద్ద పెట్టి, "కా... కా..." అని పిలిచి కిందికి దిగుతోంది. నాలుగు నెలల కిందట పోయిన అత్తకు రోజూ పెట్టే ముద్ద అది. అత్త కాకి రూపంలో వచ్చి తిన్నాకే ధనమ్మ తింటుంది.

"బతికినన్నాళ్ళూ నా వంటకు వంకలు పెట్టింది మీయమ్మ" అంది రోజూ చెప్పే మాటే. "ఇప్పుడు చూడు, ఒక్క మెతుకు మిగలకుండా తినిపోతాండాది."

ఆమె వంటింట్లోకి వెళ్ళాక కన్నప్ప మెట్లెక్కి చూశాడు. పిట్టగోడ పక్కన బోండా ఆకు నాకుతోంది. అతన్ని చూసి తోక ఊపి, మళ్ళీ పనిలో పడింది.

కన్నప్ప అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. చెప్పేస్తే బోండా కళ్ళు దక్కుతాయి. కానీ ముప్ఫై ఏళ్ళ కాపురంలో అత్త మెప్పు ఇన్నాళ్ళకు దొరికిందని మురిసిపోతున్న మనిషికి, ఆ మెప్పు కుక్కదని ఏ నోటితో చెప్పేది?

మరుసటి రోజు మధ్యాహ్నం బోండాను పెరట్లో కట్టేశాడు. బోండా భయానికి కాకులు ఆ మిద్దె మీద వాలడం ఎప్పుడో మానేశాయి. మూడు గంటలైనా ముద్ద అట్లాగే ఉంది, చీమలు పట్టాయి. ధనమ్మ అన్నం ముట్టలేదు.

"ఏం తక్కువ చేసినానో, మళ్ళీ అలిగింది" అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

ఆ సాయంత్రం కన్నప్ప పిట్టగోడకు సిమెంటు పూత పూశాడు. ఎందుకని అడిగితే, పగుళ్ళు వచ్చాయన్నాడు. తర్వాతి రోజు ధనమ్మ ముద్ద పెట్టి కిందికి దిగగానే బక్కెట్ అందుకున్నాడు.

"పూతకు నీళ్ళు పట్టాల మే. లేకపోతే రాలిపోతుంది."

అరగంట తర్వాత ధనమ్మ పైకి వెళ్ళి చూస్తే ఆకు ఖాళీ.

"వచ్చిందప్పా, తినింది" అని చెప్పి, ఆ పూట ఆమె రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నది.

ఆ తర్వాత అంతా సవ్యంగా సాగింది. మధ్యాహ్నమయ్యేసరికి బోండా పెరట్లో, ముద్ద మిద్దె మీద, బక్కెట్ కన్నప్ప చేతిలో. నెల తిరిగేసరికి బోండా షుగరు నూటయాభైకి దిగింది. కళ్ళకు భయం లేదని డాక్టరు చెప్పింది. ధనమ్మ ఆమెకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

కన్నప్పే ఎందుకో చిక్కిపోయాడు. మధ్యాహ్నానికే కడవెడు మంచినీళ్ళు తాగి ఖాళీ చేస్తున్నాడు. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాడు. లుంగీ నడుం మీద నిలవడం లేదు. అడిగితే ఎండ అంటాడు. జబ్బు మొదట్లో బోండాలో కనిపించిన లక్షణాలూ ఇవే.

ఒక ఉదయం బోండా చెవి నుంచి రక్తం చుక్క తీసి చూశాక, ధనమ్మ ఇంట్లోని షుగరు మిషన్‌లో కొత్త పట్టీ పెట్టి, సూది మార్చింది.

"యాదీ, నీ వేలు ఇట్లియ్యి."

"నాకెందుకు మే? షుగరు మా వంశంలోనే లేదు."

"ఇయ్యప్పా."

మిషన్ మూడు వందల పన్నెండు చూపించింది.

ధనమ్మ ఆ అంకెను చూసింది. తల ఎత్తి, నెల రోజులుగా నీళ్ళు తాగి తాగి పచ్చగా పాచిపట్టిన పిట్టగోడను చూసింది. ముప్ఫై ఏళ్ళుగా మేస్త్రి పెళ్ళాం. పూతకు వారం రోజులు నీళ్ళు పడితే చాలని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. కన్నప్ప తల దించుకుని బోండా వీపు నిమురుతున్నాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగి మిషన్ డబ్బాలో పెట్టేసింది.

"రేపట్నుంచి మీయమ్మకు బెల్లం లేదు, రాగిసంగటే. నీళ్ళు పట్టేదానికి పోతావు గదా, ఆమెకు నువ్వే చెప్పు."